తోడేలు గానం, మనిషి పక్కవాద్యం: పాల్ వింటర్ కన్సర్ట్ సంగీతంలో జీవావరణ దృష్టి

ప్రకృతిని వర్ణించడం సంగీతానికి ఏ దేశంలోనూ కొత్త కాదు. భారతీయ సంగీత శాస్త్రం సప్తస్వరాలనే పశుపక్ష్యాదుల గొంతులతో ముడిపెట్టింది. నారదీయ శిక్ష షడ్జమాన్ని నెమలికీ, పంచమాన్ని కోకిలకూ, ధైవతాన్ని గుర్రానికీ, నిషాదాన్ని ఏనుగుకూ అప్పగించగా, 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఆ పట్టికను కొద్దిగా సవరించి, ధైవతాన్ని గుర్రం దగ్గర నుంచి తీసుకుని కప్పకు ఇచ్చాడు. ఐరోపాలో 1808 డిసెంబరులో వియన్నా నగరం మొదటిసారి విన్న బీథోవెన్ ఆరో సింఫనీలో, రెండో భాగం చివర వేణువు నైటింగేల్‌గా, ఓబో పూరేడు పిట్టగా, క్లారినెట్లు కక్కూ పక్షిగా పలుకుతాయి. ఇటలీ స్వరకర్త ఒట్టోరినో రెస్పిగి 1924లో ఇంకొక అడుగు వేసి, రోమ్ నగరంలోని పైన్ చెట్ల గురించిన తన రచనలో నిజమైన నైటింగేల్ కూతను గ్రామఫోన్ రికార్డు మీద నుంచి వాద్యబృందం మధ్యలో వినిపించాడు. ఈ మార్గాలు ఎంత వేరైనా వాటన్నిటిలోనూ పక్షి గాని మృగం గాని పాటకు వస్తువుగానో అలంకారంగానో నిలిచాయే తప్ప, పాట ఎటు నడవాలో నిర్ణయించే స్థానం వాటికి దక్కలేదు.

ఆ స్థానాన్ని వాటికి ఇవ్వజూసిన బృందాల్లో ముందుగా చెప్పుకోవలసినది అమెరికాలో 1967లో ఏర్పడిన పాల్ వింటర్ కన్సర్ట్. జాజ్ నుంచి పుట్టిన ఈ బృందం తిమింగలం, తోడేలు, గద్ద వంటి జీవుల గొంతులను తన కచేరీల్లోకీ రికార్డుల్లోకీ తెచ్చి, ఆ గొంతుల్లోని స్వరగతుల మీదనే తన రచనలు కట్టుకుని, ఆ పనిని యాభై ఏళ్లకు పైగా సాగించింది. ఆ సంగీతానికి మూలం ప్రకృతి మీద ప్రేమ అని సాధారణంగా చెబుతారు. ఆ మాట అబద్ధం కాకపోయినా చాలదు. ప్రకృతి మీద ప్రేమ ఉన్న సంగీతకారులు ఎందరో ఉన్నారు గాని, తోడేలు ఊళకు పక్కవాద్యం వాయించగలిగినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందికి ఆ శక్తిని ఇచ్చినది జాజ్ నేర్పిన వినికిడి అనీ, ఆ వినికిడి గట్టిగా ఉన్నచోట ఈ సంగీతం నిలిచిందనీ, సడలినచోట అది వినసొంపైన నేపథ్యంగా మాత్రమే మిగిలిందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ జాజ్ స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం ఆరంభం దాకా న్యూ ఆర్లియన్స్ ప్రాంతపు ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో రూపుకట్టిన ఈ సంగీతంలో, ముందుగా రాసుకున్న బాణీ ఒక ఆధారం మాత్రమే కాగా, దాని మీద వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లే కల్పన ప్రధానం. కర్ణాటక సంగీత రసికులు మనోధర్మం అనే పేరుతో ఎరిగిన గుణానికి ఇది దగ్గరి చుట్టం. బానిసత్వ కాలపు పొలం పాటల నుంచీ చర్చి ప్రార్థనల నుంచీ జాజ్‌కు సంక్రమించిన మరో లక్షణం పిలుపు-బదులు: ఒక గొంతు ఒక పలుకు వేయగా, మిగిలినవారు దానికి జవాబు ఇస్తారు. మూడోది, తక్కిన రెండింటి కంటె ఈ విషయానికి ముఖ్యమైనది, స్వరం పట్ల జాజ్ చూపే ఉదారత. పాశ్చాత్య పియానో సప్తకాన్ని పన్నెండు సమాన మెట్లుగా విడగొట్టి, మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్నదాన్ని వదిలేస్తుంది. బ్లూస్ గాయకులు, వారి వెంట జాజ్ వాద్యకారులు, ఆ మెట్ల నడుమకు స్వరాన్ని వంచుతారు, జారుస్తారు, అవసరమైతే గరగరలాడిస్తారు. తోడేలు ఊళ ఏ మెట్టు మీదా నిలబడదు. అది జారుతూ పుట్టి జారుతూ ముగుస్తుంది. మెట్ల నడుమ బతకడం ముందే నేర్చిన సంగీతానికి ఆ ఊళ పరాయిదిగా వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పాల్ వింటర్ 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆల్టూనాలో పుట్టాడు. కళాశాల విద్యార్థిగా అతడు నడిపిన ఆరుగురి బృందం 1961లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో జరిగిన అంతర్ కళాశాల జాజ్ పోటీలో గెలిచింది. నల్లజాతివారూ తెల్లజాతివారూ కలిసి వాయించిన ఆ బృందాన్ని అమెరికా విదేశాంగ శాఖ 1962లో లాటిన్ అమెరికాలోని 23 దేశాలకు సాంస్కృతిక పర్యటనకు పంపింది. ఆ ఏడాది నవంబరు 19న జాక్వెలిన్ కెనెడీ ఆహ్వానం మీద వారు వైట్ హౌస్‌లో వాయించారు. ఆ భవనంలో జరిగిన తొలి జాజ్ కచేరీగా చరిత్రకారులు దాన్ని లెక్కిస్తారు. అయితే ఈ కథకు వైట్ హౌస్ కంటె బ్రెజిల్ ముఖ్యం. అక్కడి బోసా నోవా సంగీతంలో గిటారు ఎంత మెల్లగా పలికినా సభ అంతా వినడం, ఇత్తడి వాద్యాల హోరుకు అలవాటుపడిన యువ సాక్సోఫోన్ వాద్యకారుడికి కొత్త పాఠం అయింది. 1960 దశకం మధ్యలో అతడు బ్రెజిల్ సంగీతకారులతో రికార్డులు చేశాడు. ఆ తర్వాత ఏర్పరచిన బృందంలో ట్రంపెట్ లేదు. ఆల్టో వేణువు, ఇంగ్లిష్ హార్న్, చెల్లో, గిటారు, బేస్, చేతితో వాయించే తాళవాద్యాలు ఉన్నాయి. కన్సర్ట్ అనే పేరు ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండులో వేర్వేరు జాతుల వాద్యాలు సమాన హోదాతో కలిసి వాయించే చిన్న మేళాలకు ఉండేది. వింటర్ ఆ పేరును ఎంచుకున్న నాటికి ఆ మేళంలో తోడేలుకు కూడా చోటు దొరుకుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

ఈ తొలి దశలో బృందంలో ఉన్నవారిని చూస్తే దాని వినికిడి ఎంత విశాలమో తెలుస్తుంది. గిటారు, పియానో వాయించిన రాల్ఫ్ టౌనర్, ఓబో వాయించిన పాల్ మెక్‌కాండ్లెస్, బేస్ వాయించిన గ్లెన్ మూర్‌లతో పాటు, పండిత్ రవిశంకర్ వద్ద సితార్‌నూ ఉస్తాద్ అల్లా రఖా వద్ద తబలానూ అభ్యసించిన కాలిన్ వాల్కాట్ అందులో ఉన్నాడు. ఈ నలుగురూ తరువాత ఆరెగాన్ అనే పేరుతో సొంత బృందంగా ఏర్పడి జాజ్ చరిత్రలో స్వతంత్రమైన స్థానం సంపాదించారు. టౌనర్ రచించిన 'ఐకరస్' కన్సర్ట్‌కు గుర్తింపు బాణీ అయింది. 1971లో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో 15 యాత్రికులు కన్సర్ట్ రికార్డు ఒకదాన్ని వెంట తీసుకుపోయి, తాము చూసిన రెండు బిలాలకు అందులోని రెండు రచనల పేర్లు పెట్టారు. బీటిల్స్ రికార్డుల నిర్మాతగా పేరుపొందిన జార్జ్ మార్టిన్ 1972లో వారి 'ఐకరస్' ఆల్బమ్‌ను నిర్మించాడు.

తిమింగలం గొంతు ఈ కథలోకి 1968లో వచ్చింది. బెర్ముడా దీవుల వద్ద అమెరికా నౌకాదళం కోసం పనిచేస్తున్న ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్ హైడ్రోఫోన్లతో, అంటే నీటి అడుగున శబ్దాన్ని పట్టే మైక్రోఫోన్లతో, హంప్‌బ్యాక్ జాతి తిమింగలాల అరుపులను టేపుల మీద పట్టి ఉంచాడు. ఆ టేపులు జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ చేతికి, ఆయన భార్య కేటీ పేన్ చేతికి వచ్చాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో రోజర్ పేన్ ఇచ్చిన ఉపన్యాసంలో వింటర్ ఆ టేపులను విన్నాడు. చార్లీ పార్కర్ సాక్సోఫోన్‌ను మొదటిసారి విన్నప్పుడు కలిగిన పులకింతే ఆ గొంతులూ కలిగించాయని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ పోలిక మర్యాద కోసం అన్నది కాదు. పార్కర్‌ను జాజ్ లోకం 'బర్డ్' అనే ముద్దుపేరుతో పిలిచేది. మెట్ల నడుమ జారే స్వరమూ, ఊపిరి నిడివిని బట్టి సాగే పలుకూ అతడి వాద్యంలోనూ ఉన్నాయి.

రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే కలిసి 1971 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పరిశోధన, ఆ అరుపులకు పాట అనే పేరు ఎందుకు తగునో వివరించింది. హంప్‌బ్యాక్ పాటలో అతి చిన్న ధ్వని ఖండాలు కలిసి ఒక పలుకుగా, పలుకులు మళ్లీ మళ్లీ వచ్చి ఒక అంశంగా, అంశాలు నిర్ణీత క్రమంలో వచ్చి ఒక పూర్తి పాటగా ఏర్పడతాయి. ఒక పాట సుమారు 7 నిమిషాల నుంచి 30 నిమిషాల దాకా సాగుతుంది, దాన్నే తిమింగలం విరామం లేకుండా గంటల తరబడి తిరిగి తిరిగి పాడుతుంది. పాడేవి మగ తిమింగలాలే. కేటీ పేన్ సంవత్సరాల తరబడి టేపులను పోల్చి చూసి, ఒక సముద్ర ప్రాంతంలోని గాయకులన్నీ ఒకే పాటను పాడుతూనే, ఆ పాటను అన్నీ కలిసి కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతాయని గుర్తించింది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2000లో 'నేచర్' పత్రికలో ఇంకా వింతైన సంగతి ప్రకటించారు: 1996లో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పశ్చిమ తీరపు పాట పాడే కొద్ది తిమింగలాలు కనిపించగా, 1998 నాటికి తూర్పు తీరపు గాయకులన్నీ తమ పాత పాటను వదిలేసి ఆ కొత్త పాటను అందుకున్నాయి. ఒక వాద్యకారుడు తెచ్చిన కొత్త పోకడ రెండు మూడేళ్లలో నగరమంతా పాకడం జాజ్ చరిత్ర చదివినవారికి బాగా తెలిసినదే. తిమింగలం పాట యుగాలుగా మారకుండా ఉన్న పవిత్ర నాదమని అనేకుల నమ్మకం. పరిశోధన చెప్పేది వేరు. అది సంప్రదాయం ఉన్న, ఫ్యాషన్లు ఉన్న సంగీతం.

ఆ టేపుల నుంచి ఎంచిన ధ్వనులతో 1970లో వెలువడిన 'సాంగ్స్ ఆఫ్ ది హంప్‌బ్యాక్ వేల్' ప్రకృతి ధ్వనుల రికార్డులన్నింటిలో ఎక్కువగా అమ్ముడైనదిగా పేరు పొందింది. 1979 జనవరి 'నేషనల్ జియోగ్రాఫిక్' సంచికతో పాటు అందులోని భాగాలు పలుచని ప్లాస్టిక్ రికార్డుగా కోటికి పైగా ప్రతులు పంపిణీ అయ్యాయి. సంగీత రచయితలు వెంటనే స్పందించారు. ఆలన్ హోవానెస్ 1970లో సింఫనీ వాద్యబృందం మధ్య తిమింగలాల టేపును వినిపించాడు. జార్జ్ క్రమ్ 1971లో ముసుగులు ధరించిన ముగ్గురు వాద్యకారుల కోసం ఒక రచన చేశాడు. జాజ్ బేస్ వాద్యకారుడు చార్లీ హేడన్ తన వాద్యాన్ని కమానుతో ఒరిపిడి పెట్టి తిమింగలాల గొంతును ధ్వనింపజేశాడు. వీటిలో హోవానెస్ రచన నేటి చెవికి బరువుగా తోస్తుంది: తిమింగలం పాడటం మొదలుపెట్టగానే వాద్యబృందం దాన్ని భక్తిగా చూస్తూ ఉంటుందే గాని, దానితో మాట్లాడదు.

వింటర్ తొందరపడలేదు. తిమింగలాలను మొదటిసారి విన్న పదేళ్లకు, 1978లో గాని 'కామన్ గ్రౌండ్' అనే రికార్డు రాలేదు. తిమింగలం, గద్ద, తోడేలు గొంతులు మూడూ అందులో ఉన్నాయి. వాటిలో 'వూల్ఫ్ ఐస్' అనే రచన ఈ మొత్తం పరంపరకు నమూనాగా నిలవదగినది. తోడేలు ముందు పాడుతుంది. దాని ఊళలో మూలస్వరం సుమారు 150 నుంచి 780 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్ని కంపనాల వేగంతో, కదులుతుందని శాస్త్రవేత్తలు కొలిచారు. మనిషి పాడే గొంతుకు, చెల్లోకు, సొప్రానో సాక్సోఫోన్ మంద్ర భాగానికి ఇది అందే ఎత్తే. సాక్సోఫోన్ ఆ జారుడు గతిని అందుకుని నెమ్మదిగా బదులు చెబుతుంది, చెల్లో దాని కింద నిలబడుతుంది. చెల్లోకు మెట్లు లేవు. కర్ణాటక వయొలిన్‌లో జారు గమకం పలికినంత సులువుగా తోడేలు జారుడు దాని తీగ మీద పలుకుతుంది. గాత్ర కచేరీలో ఆలాపన వేళ వయొలిన్ విద్వాంసుడు గాయకుడి సంచారం ముగిసేదాకా నీడలా వెంట ఉండి, ఆ తర్వాతనే తన వంతు తీసుకున్నట్టు, ఇక్కడి వాద్యకారులు మృగం ఊపిరి ముగిసేదాకా ఆగుతారు. ఆ ఆగడమే ఈ రచన బలం. తోడేళ్లు గుంపుగా ఊళ వేసేటప్పుడు ఒక్కొక్కటి మరోదాని స్వరంతో కలవకుండా తన స్వరాన్ని పక్కకు జరుపుకుంటుందని అడవిలో విన్నవారు చెబుతారు. కన్సర్ట్ వాద్యకారులు కూడా తోడేలు స్వరాన్ని అనుకరించకుండా దాని పక్కన తమ స్వరం వెతుక్కోవడం గమనించదగినది.

1980లో వచ్చిన 'కాలింగ్స్' సముద్ర క్షీరదాలకు అంకితమైన రికార్డు. దాని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. గొంతుల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కో గొంతుకు దక్కే సమయం తగ్గింది. ఆ సంవత్సరమే జరిగిన మరో సంగతి ఫలవంతమైనది. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కేథడ్రల్ ప్రధానాచార్యుడు జేమ్స్ పార్క్స్ మోర్టన్ కన్సర్ట్‌ను తన దేవాలయానికి ఆస్థాన బృందంగా ఆహ్వానించాడు. 1892లో నిర్మాణం మొదలై నేటికీ పూర్తికాని ఆ కట్టడం 601 అడుగుల పొడవు; అక్కడ ఒక స్వరం పలికితే దాని అనురణనం ఏడెనిమిది సెకన్లు నిలుస్తుంది. అలాంటి చోట వేగంగా వాయిస్తే అంతా కలగాపులగమవుతుంది. వాద్యకారుడు ఒక పలుకు వేసి, గోడలు తిరిగి చెప్పేది విని, తర్వాతి పలుకు ఎంచుకోవలసి వస్తుంది. తోడేలు దగ్గర నేర్చిన ఓర్పుకు ఆ రాతికట్టడం శిక్షణశాల అయింది. డిసెంబరులో రాత్రి అతి దీర్ఘమయ్యే రోజుల్లో ఆ బృందం ఇచ్చే కచేరీల వరుస 1980లో అక్కడే మొదలైంది.

ఆ దేవాలయం కోరిక మీద తయారైన 'మిస్సా గయా', అంటే భూమాత ఆరాధన, 1981లో మాతృదినోత్సవం నాడు మొదటిసారి వినిపించి, మరుసటి ఏడు రికార్డుగా వచ్చింది. క్రైస్తవ ఆరాధన క్రమంలో మొదట వచ్చే కిరియె అనే భాగం, ప్రభువును కరుణించమని వేడుకునే ప్రార్థన, ఇక్కడ తోడేలు ఊళతో మొదలవుతుంది. ఆ ఊళలోని దిగుగతినే గాయకులు అందుకుని ప్రార్థన పదాలకు బాణీగా చేసుకుంటారు. పరిశుద్ధతను కీర్తించే సాంక్టస్ భాగానికి హంప్‌బ్యాక్ తిమింగలం స్వరాలు ఆధారం. పైప్ ఆర్గన్, బృందగానం, బ్రెజిల్, ఆఫ్రికా సంప్రదాయాల తాళవాద్యాలు కలిసి ఒక్కోచోట రచనను ముంచెత్తుతాయి గాని, కిరియెలో మాత్రం వాదనకు తావులేనంత స్పష్టత ఉంది. మనుషుల కోసం మనుషులే దేవుణ్ణి అడిగే ప్రార్థనను ఐరోపా స్వరకర్తలు వందల ఏళ్లుగా రాశారు. ఆ ప్రార్థనను మొదట ఎత్తుకునే హక్కు ఒక మృగానికి ఇచ్చినప్పుడు, ఎవరిని ఎవరు కరుణించాలనే ప్రశ్న ఒక్క మాట కూడా అదనంగా రాయకుండానే లేచి నిలబడుతుంది. ప్రతి అక్టోబరులో సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ నాడు ఆ కేథడ్రల్‌లో జంతువులను ఆశీర్వదించే సందర్భంలో ఈ ఆరాధన సంగీతం వినిపించడం ఆనవాయితీ అయింది.

'కాన్యన్' అనే 1985 నాటి రికార్డు మరో దిశలో వెళ్లింది. బృందం కొలరాడో నది మీద పడవల్లో ప్రయాణించి గ్రాండ్ కాన్యన్ లోయలో కొంత, కేథడ్రల్‌లో కొంత రికార్డు చేసింది. ఇందులో జంతువుల గొంతుల కంటె లోయ గోడలకే ప్రాధాన్యం. రాయి, నీరు, గాలి మీద ధ్వని ఎలా ప్రయాణిస్తుందో అదే రచనకు లయ. సాధారణంగా స్టూడియోలో ప్రతిధ్వనిని యంత్రంతో కలుపుతారు; ఇక్కడ ఆ పని లక్షల ఏళ్ల నదీ ప్రవాహం చేసింది.

ఈ సంగీతం మీద వచ్చిన అభ్యంతరాలను పక్కన పెట్టడం న్యాయం కాదు. మొదటిది, ఇది అసలు జాజేనా అన్నది. డ్రమ్ సెట్టు ప్రధానం కాదు, స్వింగ్ అని పిలిచే ఊయల లయ లేదు, బ్లూస్ ఛాయలు అరుదు. అమెరికా గ్రామీ పురస్కారాలు ఈ బృందపు రికార్డులకు ఎక్కువగా దక్కింది 1987లో ఆ సంస్థ కొత్తగా తెరిచిన 'న్యూ ఏజ్' విభాగంలో, అంటే ధ్యానానికీ విశ్రాంతికీ అనువైన మెత్తని సంగీతం కోసం ఏర్పడిన విభాగంలో. అందులో 1994 నాటి 'ప్రేయర్ ఫర్ ది వైల్డ్ థింగ్స్' కూడా ఉంది. జాజ్ విమర్శకులు దీన్ని తమ పరిధి నుంచి వదిలేయడానికి ఈ ముద్ర ఒక కారణం. లయలో, రాగచ్ఛాయలో వారి మాట చాలావరకు ఒప్పుకోవలసినదే. కాని పిలుపు-బదులు, అప్పటికప్పుడు కల్పన, పక్కవాడి గొంతు విని తన స్వరం ఎంచుకోవడం అనే మూడూ జాజ్ ఇచ్చినవే. ఆ ఇచ్చినవారు ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులన్న సంగతి 'న్యూ ఏజ్' అనే ముద్ర కింద కనపడకుండా పోవడం, ఆ ముద్ర చేసిన హానిలో పెద్దది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. టేపు మీద ఉన్న తోడేలు బదులు ఇవ్వదు. వాద్యకారుడు ఎంత వినయంగా ఆగినా, తోడేలుకు అతడి సంగతి తెలియదు. ఏ ఊళను ఉంచాలి, ఎక్కడ కత్తిరించాలి అన్న నిర్ణయం మనిషిదే. సంభాషణ అని పిలిచేది ఒక వైపే నడుస్తోంది. వింటర్‌కు ఇది తెలియక కాదు. 1975లో గ్రీన్‌పీస్ సంస్థ తిమింగలాల వేటకు వ్యతిరేకంగా మొదటిసారి ఓడ నడిపినప్పుడు అతడు వాంకూవర్ దీవి దగ్గర కొద్ది రోజులు వారితో ఉండి, బూడిదరంగు తిమింగలాలకు సాక్సోఫోన్ వినిపించాడు. క్లారినెట్ వాద్యకారుడు, తత్త్వశాస్త్ర అధ్యాపకుడు అయిన డేవిడ్ రోథెన్‌బర్గ్ ఈ మార్గంలో మరింత దూరం పోయి, హవాయి జలాల్లో నీటి అడుగు స్పీకరు ద్వారా తన వాద్యాన్ని హంప్‌బ్యాక్‌కు వినిపించి, దాని పాట తన స్వరాలకు స్పందనగా మారిందని వాదించాడు. ఆ వాదం నిజమైనా కాకపోయినా, పాడుకుంటున్న ఒక జీవి దగ్గరకు స్పీకరు పంపడం ఎంతవరకు సబబన్న ప్రశ్న మిగులుతుంది. సముద్రంలో ఇప్పటికే మనిషి చప్పుడు చాలా ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొద్ది రోజులు ఓడల రాకపోకలు తగ్గినప్పుడు, కెనడాలోని ఫండీ అఖాతంలో నీటి అడుగు చప్పుడు 6 డెసిబెళ్లు పడిపోయిందనీ, అదే సమయంలో అక్కడి రైట్ తిమింగలాల మలంలో ఒత్తిడిని సూచించే హార్మోన్లు తగ్గాయనీ 2012లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఈ దృష్టితో చూస్తే టేపు వాడటమే మర్యాదైన పద్ధతి: అది తిమింగలాన్ని మనిషి వినేలా చేస్తుంది, మనిషిని వినమని తిమింగలాన్ని బలవంతపెట్టదు.

మూడో అభ్యంతరం సౌందర్యానికి సంబంధించినది. చెవికి ఇంపుగా ఉండే జీవులకే ఈ కచేరీలో చోటు దక్కింది. జీవావరణ శాస్త్రం, అంటే జీవులకు ఒకదానితో ఒకటీ, పరిసరాలతోనూ ఉండే సంబంధాలను పరిశీలించే శాస్త్రం, గబ్బిలాన్నీ కీచురాయినీ తోడేలుతో సమానంగా లెక్కిస్తుంది. ఇక్కడ బెర్నీ క్రాస్ పని గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు జానపద గాయకుడిగా, ఆ తర్వాత సింథసైజర్ నిపుణుడిగా ఉన్న ఇతడు అడవులను మొత్తంగా రికార్డు చేయడానికి అంకితమై, ప్రతి జీవీ తన గొంతు తక్కిన గొంతుల్లో మునగకుండా వినపడేలా ఒక పౌనఃపున్యాన్నో ఒక వేళనో ఎంచుకుంటుందని ప్రతిపాదించాడు. కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలోని లింకన్ మెడో అనే పచ్చికబయలును 1988లో చెట్ల నరికివేతకు ముందు, ఆ తర్వాత రికార్డు చేసి పోల్చాడు. ఏరి ఏరి మాత్రమే చెట్లు కొట్టినందున ఫొటోలో తేడా దాదాపు కనిపించలేదు, టేపులో మాత్రం పక్షుల వైవిధ్యం పోయి నిశ్శబ్దం మిగిలింది. కన్సర్ట్ సంగీతంలో ఇలాంటి లేమి వినపడదు. అందులో ప్రతి గొంతూ నిండుగా, ఆరోగ్యంగా పలుకుతుంది. పోయినవాటి ఖాళీని చెవికి తెలియజేసే సాధనం ఈ బృందం కనుక్కోలేదు, అది దాని అసలు కొరత. మిన్నెసోటా పల్లెసీమలో పెరిగిన మరియా ష్నైడర్ తన పెద్ద జాజ్ వాద్యబృందానికి రాసిన 'ది థాంప్సన్ ఫీల్డ్స్'లో, 2015 నాటి ఆ రికార్డులో, టేపు సహాయం లేకుండానే ఆ బెంగను కొంత పలికించగలిగింది.

ఈ సంగీతం తిమింగలాలను కాపాడిందా అన్న ప్రశ్నకు జవాబు ఆచితూచి చెప్పాలి. అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ వాణిజ్య వేటను నిలిపివేయాలని 1982లో తీర్మానించింది, అది 1986 నుంచి అమలుకు వచ్చింది. ఆ తీర్మానం వెనుక జన ఉద్యమం, జన ఉద్యమం వెనుక ఆ పాటలు ఉన్నమాట నిజం. కాని హంప్‌బ్యాక్ జాతికి వేట నుంచి కాగితం మీద రక్షణ 1966 నాటికే, అంటే రికార్డు రావడానికి నాలుగేళ్ల ముందే, వచ్చింది. ఆ రక్షణను లెక్కచేయకుండా సోవియట్ నౌకలు దక్షిణార్ధగోళంలో రహస్యంగా వేలాది హంప్‌బ్యాక్‌లను చంపాయని 1990 దశకంలో బయటపడ్డ పత్రాలు చెప్పాయి. అప్పటికి వేటాడదగిన పెద్ద తిమింగలాలే తరిగిపోయి ఆ వ్యాపారం గిట్టుబాటు కాకపోవడం కూడా వేట ఆగడానికి కారణం. పాడిన జాతి ఒకటి, ఆ పాట వల్ల ఎక్కువ మేలు పొందినవి ఫిన్, మింకె వంటి ఇతర జాతులు. అమెరికా ప్రభుత్వం 2016లో హంప్‌బ్యాక్‌లను 14 సమూహాలుగా విభజించి, వాటిలో తొమ్మిదింటికి ఇక ప్రమాదం లేదని తేల్చింది. ప్రమాదంలో మిగిలిన వాటిలో ఒకటి అరేబియా సముద్రపు సమూహం. ఒమన్ నుంచి భారత పశ్చిమ తీరం దాకా తిరిగే ఈ తిమింగలాలు దక్షిణ ధ్రువానికి వలస పోవు, వాటి పాట కూడా తక్కిన సమూహాల పాట కంటె వేరు. ఆ పాట మీద రచన చేసే భారతీయ వాద్యబృందం ఏదైనా ఉంటే, జారు గమకం తెలిసిన ఈ దేశపు వాద్యాలకు ఆ పని పాశ్చాత్య వాద్యాల కంటె సులువు కావాలి.

ఈ సంగీతాన్ని కొత్తగా వినబోయేవారికి ఒక సూచన. ముందుగా 1970 నాటి తిమింగలాల రికార్డును ఏ వాద్యమూ లేకుండా ఒక పూర్తి పాట ముగిసేదాకా వినాలి. పలుకులు తిరిగి రావడం, అంశం మారడం చెవికి పట్టుబడిన తర్వాత 'కామన్ గ్రౌండ్'లోని 'వూల్ఫ్ ఐస్', దాని తర్వాత 'మిస్సా గయా'లోని కిరియె వినాలి. గ్రామీ పురస్కారాలు పొందిన తరువాతి రికార్డుల వంతు ఆ పైన వస్తుంది, తీరిక లేనివారు వాటిని వదిలేసినా పెద్ద నష్టం లేదు.